ఇల్లు నిలబెట్టండి

ఉచ్-తెరెక్ గ్రామ సోవియెట్ వారి ఇంటి పుస్తకంలో పద్నాలుగో పుట షార్షెన్‌ది. వృత్తి అన్న గడిలో, సోవియెట్ కార్యదర్శిగా నేను 'వడ్రంగి' అని రాశాను. అది సరికాదని ఆయన రెండుసార్లు నాతో చెప్పారు. వడ్రంగి బల్లలు చేస్తాడు, కిటికీలు చేస్తాడు. తాను ఆ పని ఎరగననీ, తాను ఇళ్లవాడిననీ ఆయన వాదన. వేసవిలో మందలతోపాటు కొండమీది మేతబయళ్లకు మోసుకుపోయే ఉన్ని ఇంటికి కర్రపని చేసేవాణ్ణి మా ప్రాంతంలో ఇళ్లవాడనే అంటారు. అయితే జిల్లా నుంచి వచ్చిన వృత్తుల పట్టికలో ఆ మాట లేదు. పట్టికలో లేని మాటను నేను రాయలేదు.

మా భాషలో 'ఉయ్' అంటే ఇల్లు. మాట ఒక్కటే. ఇటుకలతో కట్టి రేకు కప్పినదీ ఇల్లే, విప్పి రెండు గుర్రాల మీద వేసుకుపోయేదీ ఇల్లే. ఆ ఇటుక ఇంటిలోని ఒక్కొక్క గదినీ ఇల్లనే అంటాం. ఒక కుండలోది తినేవాళ్లందరూ కలిసి ఒక ఇల్లు. పెళ్లి చేసుకున్నవాడు ఇంటివాడయ్యాడంటాం. భార్యను పేరుపెట్టి పిలవని పాతకాలపు మనుషులు "మా ఇల్లు వాగుకు వెళ్లింది" అని చెప్పడం నా చెవులతో విన్నాను. సోవియెట్ ప్రభుత్వం వచ్చాక పురుడు పోసే ఇల్లు, పెళ్లిళ్లు నమోదు చేసే ఇల్లు, నాటకాలాడే సంస్కృతి ఇల్లు కూడా వచ్చి చేరాయి. 1956లో మీ ఊరిలో ఇళ్లెన్ని అని జిల్లావారు అడిగితే, నాలుగు రోజులు తిరిగి, ఒక్కటీ వదలకుండా లెక్కవేసి పంపాను. "ఏ ఇళ్లు?" అని తిరుగుటపాలో జవాబు వచ్చింది. వారి ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకున్నాను.

ఇంకొక ఇల్లు మిగిలింది. మాలో మనిషి పోతే, ఇటుక ఇల్లు ఎంత పెద్దదున్నా సరే, మంచు కురుస్తున్నా సరే, వాకిట్లో ఉన్ని ఇల్లు నిలబెట్టి ఆ మనిషిని అందులో తెర వెనుక పడుకోబెడతాం. ఆడవాళ్లు లోపల కూర్చుని పోయినవారి గుణాలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. ఆ ఇంటి మగవాళ్లు బయట కర్రల మీద వాలి నిలబడి, వచ్చేవారికి ఏడుస్తూ ఎదురవుతారు. కొత్త పెళ్లికూతురును కూడా ఉన్ని ఇంటిలోనే, తెర వెనుకే కూర్చోబెడతాం. కనుక మందలు కొండ దిగి వచ్చేశాక, శరత్కాలంలో, ఫలానావారి వాకిట్లో ఇల్లు నిలబెట్టారంటే రెంటిలో ఏదో ఒకటి జరిగిందని అర్థం. ఏది జరిగిందో చెప్పినవాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

షార్షెన్ 1910లో పుట్టారు. ఆయన తండ్రీ ఇళ్లవాడే. వాగు ఒడ్డున పెరిగే పచ్చి విల్లో కొమ్మలను శీతకాలం మొదట్లో కొట్టి, ఎరువు గుంటలో వేడికి మగ్గబెట్టి, మోకాలికింద పెట్టి వంచి, అల్లిక గోడకూ వాసాలకూ కావలసిన వంపు తెచ్చేవారు. కొలబద్ద పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. వాసాలన్నీ పైన వచ్చి గుచ్చుకునే గుండ్రటి పొగవలయాన్ని మాత్రం ఒకే మానుతో చేసేవారు. ఆ పని ఉన్న రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. యుద్ధం నుంచి ఎడమచేతి రెండు వేళ్లు లేకుండా వచ్చారు. ఆ తరువాత కూడా మా సమిష్టి క్షేత్రం కాపరులందరికీ ఆయనే ఇళ్లు చేశారు. మా ఊరివాళ్లు ఏ కొండమీద పడుకున్నా ఆయన వంచిన వాసాల కిందే పడుకున్నారు.

భార్య ఉల్‌బూబూ 1950లో, కూతురు అసీల్‌కు ఎనిమిదేళ్లప్పుడు, క్షయతో పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోమని ఊరంతా చెప్పింది. పక్కింటి బాత్మా అవ్వ అయితే ఆయన కనిపించినప్పుడల్లా వదిలేది కాదు.

"ఊరందరికీ ఇళ్లు చేసి పెడతావు. నీకేదిరా ఇల్లు? సిగ్గులేదూ?"

"ఉండేదిగా అక్కా. పోయింది."

"పోతే ఇంకోటి చేసుకో. నీ చేతిలో పనేగా!"

"అది నా చేతిపని కాదక్కా, మా అత్తగారిది. ఆవిడ మళ్లీ చెయ్యనంటోంది."

ఆ నవ్వులాటతోనే ఆయన ఇరవయ్యేళ్లు గడిపేశారు. అసీల్‌కు తానే జడలు వేశారు. రెండు వేళ్లు తక్కువైనందువల్ల ఆ జడలు ఒకవైపుకు లాగినట్టుండేవి. బడిలో పిల్లలు వెక్కిరిస్తే ఆ పిల్ల వాళ్లను కొట్టి వచ్చేది. ఆ ఫిర్యాదులు నా దగ్గరికే వచ్చేవి.

అసీల్ పద్దెనిమిదో ఏట పట్నం వెళ్లి నర్సు చదువు చదివింది. పురుడు పోసే ఇంటిలో ఉద్యోగం చేసేది. ప్రతి వేసవిలో సెలవు పెట్టి వచ్చి నెల రోజులు తండ్రితో ఉండేది. ఆమె పట్నం వెళ్లిన సంవత్సరమే షార్షెన్ ఆమెకోసం ఒక ఇల్లు మొదలుపెట్టారు. పెళ్లికూతురి ఇల్లు కాబట్టి కప్పు తెల్లగా ఉండాలి. తెల్లగొర్రెల ఉన్ని ఏడాదికి కొంత చొప్పున కూడబెట్టి ఊరి ఆడవాళ్లచేత తడిపి తొక్కించి మందపాటి కప్పుగా అణగగొట్టించారు. తొమ్మిదేళ్లు పట్టింది. పూర్తయ్యాక దాన్ని విప్పి, మూటలు కట్టి, కొట్టంలో ఎత్తుగా అటక మీద పెట్టారు. ఒక్కసారి కూడా దాన్ని నిలబెట్టి చూడలేదు. చూడమన్నవాళ్లతో "అది వచ్చి తెర వెనుక కూర్చున్న రోజున చూస్తాను, అందాకా నాకూ చూసే హక్కు లేదు" అనేవారు. ఆయన జీవితంలో ఇక కోరుకున్నది అదొక్కటే అని నేను సాక్ష్యం చెప్పగలను. ఇల్లు పూర్తయ్యేసరికి అసీల్‌కు ఇరవై ఏడేళ్లు.

1971 వేసవిలో నేను ఒక ధ్రువపత్రం మీద వేలిముద్ర కోసం వారి ఇంటికి వెళ్లాను. షార్షెన్‌కు చదవడం వచ్చు, కాని ఆయనది ఎడమచేతి వాటం, సంతకం చేసే చేతికే రెండు వేళ్లు లేవు. తండ్రీ కూతురూ వాకిట్లో కూర్చుని అటక మీది వాసాలను దింపి, పురుగు పట్టిందేమోనని చూస్తున్నారు.

"వీటికి కూడా ముసలితనం వచ్చేస్తోంది నాన్నా," అంది అసీల్.

"నీకే రాలేదు. ఇరవై తొమ్మిదంటే పసిపిల్లవు."

"ఎత్తిపొడుపులు ఆపితే ఒక మాట చెబుతా."

"చెప్పు."

"ఈ శరత్కాలంలో కబురు పెడతాను. నిలబెట్టమంటే నిలబెట్టు."

షార్షెన్ వాసాన్ని కింద పెట్టారు. నావైపు ఒకసారి చూసి, "ఏం చేస్తాడు?" అన్నారు.

"కరెంటు స్తంభాలెక్కి తీగలు కడతాడు. అషీరాలి పేరు."

"స్తంభాలెక్కేవాడికి ఇల్లెందుకే? ఎప్పుడూ పైనే ఉంటాడుగా!"

"దిగినప్పుడు ఉండడానికి."

ఇద్దరూ ఆ మాటకు చాలాసేపు నవ్వారు. నేను వేలిముద్ర తీసుకుని వచ్చేశాను.

ఇక్కడ నా పని గురించి కొంత చెప్పాలి. చావు కబురును మాలో మొహాన చెప్పరు, కాగితం మీద రాయరు. కబురు అందినవాడు ఊరిలో నలుగురు పెద్దలను కూడగట్టుకుని ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటాడు. మాటలు పశువులతో మొదలై, వానతో సాగి, ఎక్కడో మెల్లగా ఆ కబురుకు చేరతాయి. దానిని 'వినిపించడం' అంటారు. యుద్ధకాలంలో సైనికుల చావు కాగితాలు వచ్చినప్పుడు నా ముందటి కార్యదర్శి వాటిని నెలల తరబడి బల్లసొరుగులో దాచి, కోతలయ్యాక ఒక్కొక్క ఇంటికీ పెద్దలతో వెళ్లి వినిపించాడు. 1949లో నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ పద్ధతిని తప్పుపట్టాను. వచ్చిన కాగితాన్ని వచ్చిన గంటలోనే, ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తీయకుండా చేర్చడమే కార్యదర్శి ధర్మమని సమావేశంలో చెప్పాను. ఇరవై రెండేళ్లు అలాగే చేశాను. దాని గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

1971 సెప్టెంబరు 28, మంగళవారం, పగలు పన్నెండు దాటాక కార్యాలయంలో టెలిఫోను మోగింది. జిల్లా టెలిఫోను కేంద్రంలో పనిచేసే అమ్మాయి.

"కార్యదర్శి గారూ, టెలిగ్రాం ఉందండీ. మీ దగ్గర పెద్దవాళ్లెవరైనా కూర్చుని ఉన్నారా?"

"నేనున్నాను. చదువు."

"అది కాదండీ. ఇంకెవరైనా... షార్షెన్ తాతగారి బంధువులు..."

"అమ్మాయీ, కాగితంలో ఉన్నది చదువు. లేనిది నాకు అక్కర్లేదు."

ఆమె చదివింది. నేను రాసుకున్నది ఇది: "ఉచ్-తెరెక్ గ్రామ సోవియెట్. షార్షెన్ గారి వాకిట్లో ఇల్లు నిలబెట్టండి. అసీల్‌ను తీసుకుని రేపు సాయంత్రంలోగా వస్తాం. జుమాదిల్." జుమాదిల్ షార్షెన్ తమ్ముడి కొడుకు, పట్నంలో లారీ నడుపుతాడు. రాసుకున్నది ఆమెకు మళ్లీ చదివి వినిపించాను.

"అంతే కదా?"

"అంతేనండీ," అంది. గొంతు బొంగురుగా ఉంది. లైను బాగాలేదనుకున్నాను.

టెలిగ్రాం పుస్తకంలో నమోదు చేశాను. నకలు తీశాను. ముద్ర వేశాను. శుభవార్త అయితే ఆ మనిషి పేరునే వస్తుందనీ, అశుభమే పెద్దల చేతికి, సోవియెట్ పేరున వస్తుందనీ నాకు తెలియదా? ఊరిలో ప్రతివారికీ తెలుసు. 'చిరునామాదారు' అన్న గడిలో గ్రామ సోవియెట్ అని నా చేత్తోనే రాశాను. రాసేటప్పుడు అక్షరాలు గుండ్రంగా వచ్చాయో లేదో చూసుకున్నాను, అంతే.

షార్షెన్ వాకిట్లో తోలుపట్టీలు నీళ్లలో నానబెడుతున్నారు. కాగితం చదివాను. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను.

"'నిలబెట్టండి' అనే ఉందా?"

"అలాగే ఉందన్నా."

"'తీసుకుని వస్తాం' అన్నాడంటే వాడూ వస్తున్నాడన్నమాట. స్తంభాలవాడు."

"కాగితంలో ఇంతే ఉంది."

"నీ కాగితంలో ఎప్పుడూ అంతేలేవయ్యా!" అని ఆయన తడిచేతులతో నా భుజం మీద గట్టిగా చరిచారు. మంచి కబురు తెచ్చినవాడిని వట్టి చేతులతో పంపకూడదు మాలో. లోపలికి వెళ్లి, పండుగలకు మాత్రమే పెట్టుకునే తెల్ల టోపీ తెచ్చి నా తల మీద పెట్టారు. నేను వద్దన్నాను. రెండు చేతులతో టోపీని గట్టిగా కిందికి నొక్కి, "తీశావంటే చూడు" అన్నారు. ఆ కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

మరునాడు తెల్లవారేసరికి ఊరిలో సగం మంది ఆ వాకిట్లో ఉన్నారు. కొట్టం అటక నుంచి మూటలు దింపారు. అల్లిక గోడలు విప్పి గుండ్రంగా నిలిపారు. గుర్రం మీద కూర్చున్న ఒక యువకుడు పంగలకర్రతో పొగవలయాన్ని ఎత్తి పట్టుకుంటే, చుట్టూ మిగిలినవాళ్లు వాసాలు గుచ్చడం మొదలుపెట్టారు.

"సరిగ్గా పట్టుకోరా! చెయ్యి వణుకుతోంది, పెళ్లి నీకా?"

"నాకైతే ఇంతమంది వస్తారా వదినా?"

"ఇదిగో, తలుపు పెట్టకండర్రా. స్తంభాలెక్కే అల్లుడు, పొగవలయంలోంచే దిగుతాడు!"

"దిగాక మళ్లీ ఎక్కేస్తే? అసీల్ చేతిపని తెలుసుగా, బడిలో మా అన్న పళ్లు రెండు రాలగొట్టింది."

తెల్లకప్పు పైకి లాగి తాళ్లు బిగించేసరికి నవ్వులు ఆగాయి. అంత తెల్లటి ఇల్లు మా ఊరిలో ఎవరూ చూడలేదు. షార్షెన్ నాలుగడుగులు వెనక్కి వేసి చూశారు. ముందుకు వచ్చి ఒక తాడు సరిచేశారు. అది సరిగానే ఉంది. లోపల ఆడవాళ్లవైపున, ఉల్‌బూబూ కుట్టిపెట్టిపోయిన తెర కట్టారు. తలుపు పైన ఎర్ర కుచ్చులు వేలాడదీశారు. గొర్రెను కోశారు. పెళ్లికూతురి మీద చల్లడానికి ఆడవాళ్లు మిఠాయి, వేయించిన పిండిముక్కలు కొంగుల్లో పోసుకుని సిద్ధంగా ఉన్నారు.

బాత్మా అవ్వ పొయ్యి దగ్గర పిండి పిసుకుతూ నన్ను పిలిచింది.

"కార్యదర్శీ, ఆ కాగితం ఎవరి పేరున వచ్చిందిరా?"

"సోవియెట్ పేరున."

"షార్షెన్ పేరున కాదూ?"

"కాదవ్వా. మా దగ్గరేగా టెలిఫోనుంది."

"అసీలేగా పెట్టింది?"

"జుమాదిల్ పెట్టాడు."

ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి. "ఆ పిల్లకు చేతుల్లేవా? తన పెళ్లి కబురు తను పెట్టుకోదూ?"

"సిగ్గుపడి ఉంటుంది."

"అసీలా? సిగ్గా?"

ఆమె నా ముఖం వైపు చూసింది. తరువాత నా తల మీది టోపీ వైపు చూసింది. మళ్లీ పిండి మీదికి వంగింది. నిశ్చయంగా తెలియని చావును నోటితో అనకూడదు. టెలిఫోనులో ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అప్పుడు నాకు మొదటిసారి వినబడింది. మూడు గంటలు దాటింది. కార్యాలయానికి వెళ్లి జిల్లాకు టెలిఫోను చేయాలని బయలుదేరాను. సగం దారిలో ఉండగా, కింద కాలువ వంతెన దగ్గర లారీ దుమ్ము లేచింది. వెనక్కి తిరిగి పరుగెత్తాను. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. బడి వదిలాక పరుగెత్తింది అదే మొదటిసారి.

లారీ వాకిలి దాకా రాలేదు. కాలువ ఇవతల ఆగింది. జుమాదిల్ దిగాడు. ఇంటిముందు కర్రలు పట్టుకుని ఏడుస్తూ నిలబడిన మగవాళ్లు ఉంటారనీ, దూరం నుంచే తానూ గొంతెత్తి ఏడుస్తూ రావాలనీ అనుకుని వచ్చిన మనిషి అతడు. అతనికి కనిపించింది తెల్ల ఇల్లు, ఎర్ర కుచ్చులు, కొంగుల్లో మిఠాయి పట్టుకున్న ఆడవాళ్లు. అతడు లారీ చక్రం పక్కన నేలమీద కూలబడ్డాడు.

షార్షెన్ ఆగలేదు. పెద్ద పెద్ద అడుగులతో లారీ దగ్గరికి వెళ్లిపోయారు.

"ఏరా జుమాదిల్, అలిసిపోయావా? అల్లుడేడి, సిగ్గుపడి వెనకాల దాక్కున్నాడా? మావాళ్లు తినెయ్యర్లే, దిగమను!"

లారీ వెనక్కి వెళ్లి ఆయనే గుడ్డ ఎత్తారు. లోపల ఒక యువకుడు, టోపీ లేకుండా, గడ్డం గీసుకోకుండా కూర్చుని ఉన్నాడు.

"నువ్వేనా అషీరాలి? దిగు నాయనా, దిగు. ఇల్లు సిద్ధంగా ఉంది. అమ్మాయేది?"

యువకుడి కుడిచెయ్యి పక్కనున్న ఒక చుట్టిన కంబళి మీద ఉంది. ఆ చెయ్యిని అతడు తీయలేదు. షార్షెన్ ఆ చెయ్యిని చూశారు. తరువాత కంబళి పొడవు చూశారు.

నేను పది అడుగుల వెనుక ఉన్నాను. ఆయనకు ఎవరూ వినిపించలేదు. పశువుల మాట గాని, వాన మాట గాని ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం తలనొప్పితో మొదలైన జ్వరం, సోమవారం రాత్రికి అసీల్‌ను తీసుకుపోయిందని తరువాత తెలిసింది. జుమాదిల్ టెలిగ్రాములో చావు మాట రాయలేదు. అందులో తప్పేమీ లేదు. మా మర్యాద అదే. సోవియెట్ పేరున పంపితే కార్యదర్శి గ్రహిస్తాడు, పెద్దలను వెంటబెట్టుకుని వెళతాడు అనుకున్నాడు.

బాత్మా అవ్వ మొదటి కేక వేసింది. కొంగులు జారిపోయి మిఠాయి అంతా నేలపాలైంది. చిన్నపిల్లలు ఏమీ తెలియక ఏరుకోవడానికి ఎగబడ్డారు. వాళ్లను ఎవరూ అదిలించలేదు.

ఊరి పెద్దలిద్దరు షార్షెన్ దగ్గరికి వచ్చారు. "తెల్లకప్పు దింపించేద్దాం షార్షెన్. మా ఇంట్లో బూడిదరంగుది ఉంది. అరగంటలో మార్చేస్తారు," అన్నాడు ఒకాయన.

"ముట్టుకోకండి."

"అలా కాదు, నలుగురూ ఏమనుకుంటారు..."

"ఇది ఎవరి ఇల్లు?"

పెద్దలిద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"అడుగుతున్నాను. ఎవరి ఇల్లిది?"

"అసీల్‌దేరా," అంది బాత్మా అవ్వ.

"మరి దాని ఇంటికి అది వచ్చింది. తీసుకురండి."

అవ్వ ఎర్ర కుచ్చులు మాత్రం కత్తిరించింది. ఇంకేమీ మార్చవలసిన అవసరం రాలేదు. పెళ్లికూతురిని ఏవైపున కూర్చోబెడతామో ఆవైపునే, ఆ తెర వెనుకనే పడుకోబెట్టాలి. తెర కట్టే ఉంది. పరుపు పరిచే ఉంది. కోసిన గొర్రె వచ్చినవాళ్లకు పనికివచ్చింది. నేను ఆ టోపీ తీసి వారి గోడమీద పెట్టాను. తరువాత అది ఏమైందో ఎరగను.

అషీరాలి లారీ దగ్గరే నిలబడిపోయాడు. ఇంటిముందు కర్ర పట్టుకుని నిలబడే హక్కు ఆ ఇంటి మగవాళ్లకే ఉంటుంది. అతడు భర్త కాడు, అన్నదమ్ముడు కాడు. లోపల ఆడవాళ్ల మధ్యకు వెళ్లకూడదు. పొరుగూరి నుంచి వచ్చినవాడొకడు "ఆ కుర్రాడెవరు? ఏమవుతాడు?" అని కాస్త గట్టిగానే అడిగాడు.

షార్షెన్ విన్నారు. "కార్యదర్శీ, ఇటు రా," అన్నారు.

వెళ్లాను.

"వాడు నాకేమవుతాడు? నీ పట్టికలో మాటుందా?"

"లేదన్నా."

"నీ పట్టికలో ఏదీ ఉండదు," అని ఆయన నేరుగా లారీ దగ్గరికి నడిచి, ఆ యువకుడి మోచెయ్యి పట్టుకుని తీసుకువచ్చి, తన చేతికర్ర అతని చేతికిచ్చి, తలుపు పక్కన తాను నిలబడవలసిన చోట నిలబెట్టారు. తాను గుంజను పట్టుకుని నిలబడ్డారు. ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లందరూ ముందుగా అతన్ని కౌగిలించుకుని తరువాత ఆయనను కౌగిలించుకున్నారు. రెండు రోజులు అలాగే జరిగింది. ఆ రెండు రోజుల్లో అషీరాలి గొంతు ఎవరూ వినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మట్టి చేశాం. శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగివచ్చాక ఇల్లు దింపాలి. షార్షెన్ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తాళ్లు ఒక్కొక్కటీ తానే విప్పారు. వాసాలను తడిగుడ్డతో తుడిచి కట్టలు కట్టారు. తరువాత అషీరాలిని పిలిచారు.

"ఇది దాని ఇల్లు. అందుకని నీది. బండిలో వేసుకో."

"మామయ్యా," అన్నాడు అషీరాలి. ఆ పిలుపు అతను వాడడం అదే మొదటిసారి. "నేను హాస్టల్లో ఉంటాను. ఒక గదిలో ఆరుగురం. నాది ఒక మంచం, మంచం కింద ఒక పెట్టె. ఇంత ఇల్లు పెట్టుకోవడానికి నాకు ఇల్లు లేదు."

షార్షెన్ కట్టల వైపు చూస్తూ ఆలోచించారు.

"సరే, ఇక్కడే ఉంటుంది. ఇంటివాడివయ్యాక వచ్చి తీసుకుపో."

"అవను మామయ్యా."

"అవుతావు. చిన్నవాడివి. ఎవరైనా సరే, ఆ పిల్లను వెంటబెట్టుకుని రా. నేనే నిలబెడతాను."

అప్పుడు ఏడ్చాడతను. లారీ తలుపుకు నుదురు ఆనించి, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. జుమాదిల్ వచ్చి అతన్ని లోపల కూర్చోబెట్టుకున్నాడు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. అషీరాలి ఆ తరువాత రెండుసార్లు మా ఊరు వచ్చాడు, రెండుసార్లూ ఒంటరిగానే. షార్షెన్ ఎనిమిదేళ్లు బతికారు. ఇంకొక ఇల్లు చేయలేదు. కాపరులు వచ్చి అడిగితే చేతులు చూపించి, వేళ్లు చాలవు అనేవారు.

ఆ శుక్రవారం అందరూ వెళ్లాక నేను మిగిలాను. చెప్పవలసినది రెండు రోజులుగా నా గొంతులో ఉంది.

"అన్నా, టెలిఫోనులో ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు."

ఆయన తెల్లకప్పును మడత పెడుతున్నారు. "తెలుసు. ఆ అమ్మాయి బాత్మాకు మేనకోడలి వరస. ఏడ్చుకుంటూ చెప్పిందట."

"నాకు తట్టలేదన్నా."

"తట్టలేదనీ తెలుసు."

ఇంకొక మడత వేసి, అరచేత్తో నొక్కి, దాని మీద కూర్చున్నారు.

"నీ ముందటివాడే ఉండి ఉంటే నలుగురిని వెంటేసుకుని వచ్చేవాడు. మంగళవారం మధ్యాహ్నమే ఏడ్చేవాణ్ణి. బూడిదకప్పు వేసేవాళ్లం, కర్ర పట్టుకుని పద్ధతిగా నిలబడేవాణ్ణి. నువ్వు తెచ్చావు కాబట్టి బుధవారం నాలుగింటి దాకా నా కూతురు పెళ్లికూతురు." కొట్టం వైపు చూశారు. "ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదయ్యా, సంతోషంతో. అప్పటికి అది లారీలో వస్తోంది. దానికి నిన్ను తిట్టాలో, దణ్ణం పెట్టాలో... నాకు తెలియడం లేదు. నన్నడక్కు."

నేను అడగలేదు. క్షమించమని కూడా అనలేదు.

మిగిలిన మూటలన్నీ ఆయన ఒక్కరే కొట్టంలోకి చేర్చారు. పొగవలయం మాత్రం ఒక మనిషి మోయలేడు. ఆయన దాని దగ్గర నిలబడి, ఎవరైనా ఉన్నారేమోనని వాకిలంతా చూశారు. నేను తప్ప ఎవరూ లేరు.

"ఆ చివర పట్టుకో," అన్నారు.

పట్టుకున్నాను. ఆయన ముందు, నేను వెనుక నడిచాం. కొట్టం తలుపు ఇరుకు. వలయాన్ని పక్కకు వంచి, నిలువుగా తిప్పి, మెల్లగా లోపలికి జరపవలసి వచ్చింది.

"నెమ్మది," అన్నారు ఆయన చీకటిలోంచి. "గోడకు తగలనివ్వకు."